కుర్చీ క్యాంపుకి బయల్దేరింది

ఒక పెద్ద అడవిలో, అంటే కొలవడానికి వచ్చిన సర్వేవాళ్లు మూడు రోజులు తిరిగి, నాలుగో రోజు కాగితం మీద తోచిన అంకె వేసుకుని ఇంటికెళ్లిపోయినంత పెద్ద అడవిలో, ఒక కుర్చీ మిగిలిపోయింది. పేముతో అల్లిన తేలికపాటి కుర్చీ. దాని మీద కుచ్చుల తువ్వాలు ఒకటి. ఇంటికెళ్లే తొందరలో సర్వేవాళ్లు రెంటినీ మరిచిపోయారు.

అంతకు ముందు ఆ అడవికి కుర్చీ లేదు. లేదన్న లోటూ లేదు. పెద్దపులి ఏ బండ మీద పడుకుంటే అదే కచేరీ. తగువు పడ్డవాళ్లు అక్కడికే వెళ్లి అరుచుకునేవాళ్లు. పులి ఒక్కసారి ఆవలించేవాడు. ఆ కోరలు చూడగానే ఇద్దరికీ రాజీ ఎంత మంచిదో తెలిసొచ్చేది.

కుర్చీ దొరికిన మొదటి రెండు రోజులూ ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకున్నారు. ఎలుగుబంటి వీపు గోక్కుంది. కొండముచ్చులు ఎక్కి కూర్చుని పేలు చూసుకున్నాయి. అడవిపంది కాలు కొరికి చూసి, పస లేదని వదిలేసింది. ఇదంతా చూస్తూ ఊరుకోలేకపోయినవాడు ఒక్కడే, నక్క సన్యాసిరావు.

సన్యాసిరావు ఊరు చూసినవాడు. ఓ మండలాఫీసు వెనకాల చెత్తకుప్ప దగ్గర రెండేళ్లు కాపురం చేసి, కిటికీలోంచి ప్రభుత్వం ఎలా నడుస్తుందో పూర్తిగా నేర్చుకుని వచ్చాడు. అతను కొండముచ్చుల్ని అదిలించి, తువ్వాలు దులిపి, కుర్చీ మీద పరిచాడు. అది రెండు పక్కలా కిందికి వేలాడింది.

"కుర్చీ అంటే కూర్చునేదనుకుంటున్నారా, అమాయకుల్లారా," అన్నాడు. "మనుషుల్లో ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో మీకేం తెలుసు? వేస్తే మర్యాద. వెయ్యకపోతే మూడు తరాల పగ. ఎక్కితే అధికారం, దిగితే అవమానం. పట్టుకుని వేలాడితే రాజకీయం. గోడ దగ్గర వేయిస్తే బడిలో శిక్ష. పెళ్లిలో ముందు వరసది దొరక్కపోతే మగపెళ్లివారు బస్సు దిగరు. మీటింగులో అది ఖాళీగా కనిపిస్తే మంత్రికి నిద్ర పట్టదు. అలాంటి వస్తువు మీద మీరు పేలు చూసుకుంటారా?"

జంతువులన్నీ సిగ్గుపడ్డాయి. ఎలుగుబంటి అయితే తను వీపు గోకిన చోట నాలుకతో తుడిచింది.

సన్యాసిరావు పెద్దపులిని పిలుచుకొచ్చాడు. పులిదొర మంచివాడే, కాకపోతే బద్ధకం మనిషి, అంటే బద్ధకం పులి. ఎక్కి కూర్చున్నాడు. కూర్చోగానే చిక్కొచ్చింది. వెనకాల అల్లిక ఉంది కదా, తోక ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. కిందేసుకుంటే తిమ్మిరెక్కింది. పక్కకేస్తే పరువు తక్కువగా ఉంది. చేత్తో పట్టుకుని కూర్చుంటే చూసేవాళ్లకి నవ్వొచ్చింది.

"నా వల్ల కాదయ్యా," అన్నాడు పులిదొర.

"మీరు కూర్చోవాలని ఎవరన్నారు దొరా? మనుషుల దగ్గర కూడా ఎవరూ కూర్చోరు. తువ్వాలు వేస్తారంతే. తువ్వాలుంటే సారు ఉన్నట్టే. ఇప్పుడే అటు వెళ్లారు, వచ్చేస్తారు అని గుమస్తా చెప్తాడు. మీరు గుహలో హాయిగా పడుకోండి. మిగతాది నేను చూసుకుంటాను."

పులిదొరకి ఇంత మంచి మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పలేదు. వెళ్లి పడుకున్నాడు.

అలా ఆ అడవికి ఆఫీసు వచ్చింది. అడవిదున్న పోతురాజు కుర్చీ ముందు బంట్రోతుగా నిలబడ్డాడు. సన్యాసిరావు గుమస్తా అయ్యాడు. అర్జీ పెట్టుకునేవాళ్లు వట్టి చేతులతో రాకూడదని నియమం పెట్టాడు. ఎండ్రకాయలు, పుట్టతేనె, ఈతపళ్లు రోజూ కుర్చీ ముందు పడేవి. కుర్చీ తినదు కాబట్టి ఎవరు తినేవాడో వేరే చెప్పక్కర్లేదు. నెల తిరిగేసరికి సన్యాసిరావుకి పొట్ట వచ్చింది, అడవి మాటతీరు మారిపోయింది. "కుర్చీ చూస్తుంది", "కుర్చీకి కోపం వచ్చింది", "మా బావమరిది కుర్చీకి దగ్గరివాడు" అని మాట్లాడుకోసాగారు.

ఈ సంగతులేవీ తెలియనిది తాబేలు కూర్మమ్మ. ఆమె ఉండేది అక్కడికి రెండు రోజుల దూరంలో, వాగు దిగువన ఉన్న మడుగులో. రెండు రోజులంటే ఆమె నడకలో. మనకైతే చుట్ట కాల్చినంత సేపు.

కూర్మమ్మ మడుగు పక్క ఇసుకలో గుడ్లు పెట్టింది. ఏటా పెడుతుంది, గుడ్లు పగిలిన రోజు పిల్లలు మడుగులోకి జారిపోతాయి, అదొక ముచ్చట. కానీ ఈసారి గాలివాన కొట్టి ఒక నల్లమద్ది చెట్టు వాగుకి అడ్డంగా పడింది. నీళ్లన్నీ పక్కనున్న రాళ్ల లోయలోకి మళ్లిపోయాయి. మడుగు రోజురోజుకీ కుంచించుకుపోతోంది. గుడ్లు పగలడానికి ఇంకా పదిహేను రోజులుంది. అప్పటికి మడుగు ఎండిపోతే, అరచేతిలో సగం కూడా ఉండని పిల్లలు ఎండలో నీళ్లు వెతుక్కుంటూ కాకుల పాలవుతాయి. ఆ ఆలోచన రాగానే కూర్మమ్మకి తల లోపలికి ముడుచుకుపోయేది.

చెట్టు ఎంత పెద్దదైనా ఏనుగు గున్నయ్య ఒక్క తోపు తోస్తే చాలు. గున్నయ్య ఎవరి పనైనా కాదనని వాడు. కూర్మమ్మ అతని దగ్గరికి బయల్దేరింది.

వెళ్లేసరికి గున్నయ్య కొండకి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, చెమటలు కక్కుతూ గాల్లో కూర్చుని ఉన్నాడు.

"ఇదేం కూర్చోవడం నాయనా?" అంది కూర్మమ్మ.

"గోడకుర్చీ, పిన్నీ. మొన్న దారిలో ముళ్లకంప అడ్డంగా ఉంటే తీసి పక్కన పడేశాను. కుర్చీని అడక్కుండా తీశానని మూడు రోజులు శిక్ష వేశారు."

"నా మడుక్కి చెట్టు అడ్డం పడింది. ఒక్కసారి వచ్చి తోసి పోదువు గాని, రా."

గున్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "పూర్వమైతే ఈపాటికి తోసేసి వచ్చి ఉందును. ఇప్పుడు కాగితం కావాలి పిన్నీ. ముళ్లకంపకే మూడు రోజులైతే, చెట్టుకి ఎన్నో. నువ్వెళ్లి కుర్చీని అడుగు."

కూర్మమ్మ ఆఫీసుకి వెళ్లింది. నోట కరుచుకొచ్చిన నత్తగుల్ల కుర్చీ ముందు పెట్టి, సంగతంతా చెప్పుకుంది. సన్యాసిరావు విన్నాడు. వింటూ గుల్ల తిన్నాడు.

"సారు ఇప్పుడే అటు వెళ్లారు. తువ్వాలు చూశావుగా. రేపు రా," అన్నాడు.

రేపు రమ్మంటే కూర్మమ్మ ఏం చేస్తుంది? గుడ్లు చూసుకోవడానికి ఇంటికి వెళ్లడం రెండు రోజులు. తిరిగి రావడం రెండు రోజులు. నాలుగో రోజున వచ్చి నిలబడితే సన్యాసిరావు మండిపడ్డాడు.

"రేపు రమ్మంటే నాలుగు రోజులకొస్తావా? నీ పని మీద నీకే శ్రద్ధ లేకపోతే కుర్చీకి ఏం పట్టింది? ఆ మర్నాడే నీ వంతు వచ్చి, పోయింది. మళ్లీ మొదట్నుంచి రావాలి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు వరమిచ్చాడో లేదో కూడా పూజారే చెప్తున్నాడు.

ఈసారి కూర్మమ్మ ఇంటికి పోలేదు. వరసలోనే ఉండిపోయింది. ముందున్నవాళ్లు ఒక అడుగు వేస్తే ఆమె పది వేసేది, అయినా వరస కదలడం తనకంటే ఆలస్యమని ఆమెకి అర్థమైంది. పుట్టిన దగ్గర్నుంచి అందరూ తనని నిదానం మనిషి అనేవాళ్లు. తనని మించిన వస్తువు ఒకటి అడవిలోకి వచ్చిందని తెలిసి ఆమెకి సంతోషం కలగలేదు. ఆరు రోజులు అలా గడిచాయి. ఇంకా మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి.

ఆ మధ్యాహ్నం ఆమె ముందు ఒక పెద్ద ఆకారం నిలబడి ఉంది. తలెత్తి చూస్తే గున్నయ్య.

"నువ్వెందుకొచ్చావు నాయనా?"

"నీకోసమే పిన్నీ. ఆ చెట్టు తోయడానికి పర్మిషనివ్వమని నేనూ అర్జీ పెట్టుకుందామని. తిన్నగా వచ్చి నుంచున్నాను, నీకంటే ముందు పడ్డట్టున్నాను. ఏమనుకోకు."

ఇంతలో వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. చూస్తే సాక్షాత్తూ పులిదొర. నిద్ర లేచి నీళ్లు తాగుదామని వాగుకి వెళితే ఇసుక తప్ప ఏమీ లేదట. నాలిక పిడచగట్టుకుపోయి ఉంది. అతను వరసని పక్కకి నెట్టి నేరుగా కుర్చీ దగ్గరికి నడిచాడు. పోతురాజు కొమ్ములు అడ్డం పెట్టాడు.

"వరసలో రావాలి."

"ఒరే, నేను పులిని."

"పులిదొరగారు లోపలున్నారు," అన్నాడు పోతురాజు. "తువ్వాలు కనబడటం లేదా?"

పులిదొర చూశాడు. తువ్వాలు ఉంది. ఒక్క క్షణం ఆయనకే అనుమానం వచ్చింది. గర్జిద్దామని నోరు తెరిచాడు. సన్యాసిరావు పరుగున వచ్చి చెవిలో గొణిగాడు.

"పని పాడు చెయ్యకండి దొరా. మీరు బయట అరిస్తే లోపల మీరు లేరని తెలిసిపోతుంది. ఈ నెల రోజులూ ఆర్డర్లు వేసిందెవరని అడిగితే నేనేం చెప్పను? నిద్రపోతున్నారని చెప్పనా?"

పులిదొర నోరు మూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా వచ్చి కూర్మమ్మ వెనకాల నిలబడ్డాడు.

కూర్మమ్మ ముందుకి చూసింది. చెట్టుని తోయగలిగినవాడు తన ముందు నిలబడి ఉన్నాడు. వెనక్కి చూసింది. తొయ్యమని చెప్పగలిగినవాడు తన వెనకాల నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒక తువ్వాలు ముందు చేతులు కట్టుకుని ఉన్నారు. ఆమెకి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఇసుకలో ఉన్న గుడ్లు గుర్తొచ్చి, నవ్వు పోయి ఒళ్లు మండింది. ఎండ కూడా మండుతోంది.

సన్యాసిరావు పుట్టతేనె పట్టించి కునుకు తీశాడు. కూర్మమ్మ నీడ కోసం చుట్టూ చూసింది. దగ్గర్లో ఉన్న నీడ కుర్చీ కిందే. వేలాడుతున్న తువ్వాలు రెండు పక్కలా తెరలా ఉంది. పోతురాజు తల ఎత్తుకుని కాపలా కాసే రకం, నేల మీద పాకేవాళ్లు అతని కంటికి ఆనరు. ఆమె నెమ్మదిగా కుర్చీ కిందికి దూరింది.

లోపల చల్లగా ఉంది. కాసేపు తల ముడుచుకుని పడుకుంది. తర్వాత అటు తిరుగుదామని లేచి నిలబడింది. కుర్చీ కాళ్ల మధ్య అడ్డంగా కట్టిన బద్దలు ఆమె డిప్పకి తగిలాయి. కుర్చీ వేలెడు పైకి లేచింది.

 కూర్మమ్మ భయపడి బయటికి పోదామని నాలుగడుగులు వేసింది. కుర్చీ కూడా ఆమెతో నాలుగడుగులు వేసింది.

పోతురాజు బిగుసుకుపోయి సలాం చేశాడు. వరసలో ఉన్నవాళ్లంతా నేలకి వంగారు. "కుర్చీ కదిలింది," అన్నారెవరో. ఎన్నో అర్జీలు పెట్టారు గానీ, కదులుతుందని వాళ్లలో ఒక్కరూ అనుకోలేదు.

తువ్వాలు కుచ్చుల మధ్యనుంచి కూర్మమ్మకి ఆ వంగిన తలలు కనిపించాయి. ఇప్పుడు బయటికొస్తే తోలు వలిచేస్తారు, తనకున్నది డిప్పే అయినా. బయటికి రాకుండా నడిస్తే? ఎంత బరువుంది ఈ కుర్చీ? ఏమీ లేదు. ఇన్నాళ్లూ ఇంత అడవిని అణచిపెట్టింది తన ఇల్లంత బరువు కూడా లేదు. ఆమె వాగు వైపు తిరిగి నడక మొదలుపెట్టింది.

గోల విని సన్యాసిరావు లేచాడు. చూస్తే కుర్చీ లేదు. లేకపోవడమేమిటి, అదిగో, చెట్ల మధ్య నడిచి వెళుతోంది. అతను కళ్లు నులుముకున్నాడు. కానీ అందరూ తన వైపే చూస్తున్నారు. గుమస్తా అన్నవాడు తెలియదని చెప్పకూడదు.

"క్యాంపు," అన్నాడు తేరుకుని. "సారు క్యాంపుకి బయల్దేరారు. నాకు నిన్ననే చెప్పారు."

అంతే, ఊరేగింపు కదిలింది. ముందు గున్నయ్య దారికి అడ్డమొచ్చిన కంపలు తొలగిస్తూ నడిచాడు, ఈసారి అడక్కుండానే. వెనక పోతురాజు. ఆ వెనక వరసలోని అర్జీదారులంతా, అర్జీల సహితంగా. అందరికంటే వెనక పులిదొర దాహంతో ఈడ్చుకుంటూ వచ్చాడు. తాబేలు నడకలో ఏనుగు, దున్న, పులి రెండు రోజులు నడిచాయి. దాటిపోవడానికి ఎవరికీ ధైర్యం లేదు.

"ఎంత హుందా నడక," అంది ఎలుగుబంటి.

"ఆలోచించి వేస్తున్నారు అడుగు," అన్నాడు పోతురాజు.

మధ్యలో సన్యాసిరావు కుర్చీని వెనక్కి మళ్లించాలని చూశాడు. పక్కనే నడుస్తూ, "సారు, ఇటు వెళితే మంచి అతిథిగృహం ఉంది సారు," అన్నాడు. పోతురాజు అతన్ని కొమ్ముతో పక్కకి నెట్టాడు. "కుర్చీకి దారి చెప్పేంతవాడివా?" అని అడిగాడు. ఆ నియమం సన్యాసిరావు నేర్పిందే, వెనక్కి తగ్గాడు.

రెండో రోజు సాయంత్రానికి కుర్చీ వాగులోకి దిగింది. అడ్డంగా పడిన నల్లమద్ది దగ్గరికి వెళ్లి ఆగింది. అందరూ వెనకాలే ఆగారు.

కుర్చీ వెనక్కి జరిగి చెట్టుకి ఒక్క గుద్దు గుద్దింది. మళ్లీ వెనక్కి జరిగి మళ్లీ గుద్దింది.

"ఏమంటున్నారు?" అని గున్నయ్య గుమస్తాని అడిగాడు.

సన్యాసిరావు తల గోక్కున్నాడు. "ఇందులో రెండు అభిప్రాయాలు ఉండొచ్చు. రేపు పరిశీలించి..."

కుర్చీ మూడోసారి గుద్దింది. ఈసారి గట్టిగా.

గున్నయ్యకి రెండో అభిప్రాయం అవసరం లేకపోయింది. నెల రోజులుగా లోపల కుక్కుకున్న బలమంతా తెచ్చి నుదురు ఆనించి తోశాడు. చెట్టు పక్కకి దొర్లింది. దాని వెనక కాచుకుని ఉన్న నీళ్లు ఒక్కపెట్టున వచ్చిపడ్డాయి. కుర్చీ పల్టీ కొట్టి, నిలదొక్కుకుని, తువ్వాలుతో సహా తేలుకుంటూ పోయింది. కూర్మమ్మ ఎప్పుడో మునిగి పక్క గట్టుకి చేరింది. నీళ్లలో ఆమె నిదానం మనిషి కాదు.

జంతువులు నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. నీళ్లొచ్చాయని ఒక్కరూ తాగలేదు. కుర్చీ పోతోందని చూస్తున్నారు. సన్యాసిరావు పరిస్థితి చెయ్యి దాటకుండా ఒక రాయెక్కాడు.

"కంగారు పడకండి. సారు దిగువ ప్రాంతాలు పరిశీలించడానికి వెళ్లారు. వచ్చేదాకా అర్జీలూ, తేనే నాకే ఇవ్వండి."

గున్నయ్య అది విని నొచ్చుకున్నాడు. "సారు ఒక్కరే వెళ్తే మర్యాదగా ఉంటుందా? నువ్వు వెంట లేకపోతే అక్కడి వాళ్లకి సారు మాట ఎవరు చెప్తారు?"

"నిజమే," అన్నాడు పోతురాజు.

"నేను ఇక్కడ ఉండడమే సారుకి..." అని సన్యాసిరావు అంటూండగానే గున్నయ్య తొండంతో నడుం పట్టుకుని ఎత్తాడు. ఎంతో గౌరవంగా, గురి చూసి, తేలుతున్న కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఇన్నాళ్లకి సన్యాసిరావు కుర్చీ ఎక్కాడు. అతనికి తోక చిక్కూ రాలేదు, రెండు చేతులతో కుర్చీ పట్టుకోవడంలో తోక సంగతి గుర్తే రాలేదు. దిగడానికి మాత్రం ఎటు చూసినా నీళ్లే. గట్టు మీద అందరూ సలాం చేస్తుంటే, "దింపండిరా" అని అతను వేసిన కేకలు వాళ్లకి ఆశీర్వచనాల్లా వినిపించాయి. వాగు మలుపు తిరిగింది. అతనూ తిరిగాడు.

అప్పుడు పులిదొర మొదట నీళ్లు తాగాడు. కడుపు నిండా తాగి, గట్టున ఒళ్లు ఆరబెట్టుకుంటున్న కూర్మమ్మ పక్కకి వచ్చి కూర్చున్నాడు, తోక ఎటు కావాలంటే అటు పెట్టుకుని.

"కూర్మమ్మా, కుర్చీకి కాళ్లు నాలుగే కదా," అన్నాడు మెల్లిగా. "దారి పొడుగునా ముందువాళ్ల సందుల్లోంచి చూసి నేను ఎనిమిది లెక్కపెట్టాను."

"మీరు పెద్దవారు దొరా. లెక్కలు మీకు తెలిసినట్టు నాకేం తెలుస్తాయి?"

"నేను ఎవరికీ చెప్పను. నేను లోపల లేనని నువ్వూ చెప్పకు."

"నాకెందుకు దొరా," అంది కూర్మమ్మ. ఆమెకి అతని మీద కోపం పోలేదు, కానీ మాట్లాడుతూ కూర్చునే తీరిక లేదు. నీళ్లలోకి జారి మడుగు వైపు ఈదుకుంటూ పోయింది.

మర్నాడు పొద్దున్నే ఇసుక కదిలింది. పిల్లలు ఇరవై రెండు. ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ నిండు మడుగు వైపు పాకాయి. కూర్మమ్మకి కళ్లు చెమర్చాయి. నీళ్లలోకి దిగే ముందు వాటిలో ఒక్కటి కూడా ఆగి ఎవర్నీ అడగలేదు.

నీతి: కుర్చీని కదిలించినవాళ్లు ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు, చెబితే రేపట్నుంచి రోజూ మోయమంటారు.